కుడివైపు పేజీలు

మా సంఘం స్త్రీల సమాజం వారు కొత్త బాలింతలకు పంచే పుస్తకం ఒకటి పోయిన ఆదివారం నా ఒళ్లో పెట్టి వెళ్లారు. అట్ట మీద తొట్టెల పక్కన కూర్చున్న తల్లి బొమ్మ, లోపల రోజుకొక ప్రార్థన, మధ్య మధ్య బిడ్డకు నీళ్లు పోయడం గురించీ పాలు పట్టడం గురించీ నాలుగేసి మాటలు. విప్పగానే అచ్చు సిరా వాసన కిరోసిన్‌లా ఘాటుగా ముక్కుకు తగిలింది. రెండు నెలల మా పాప పడుకున్నాక ఆ పుస్తకం తీసి ఒక్కో పేజీ మూడేసి సార్లు చదువుతున్నాను. చదివిన పేజీని మళ్లీ వెనక్కి తిప్పి, ఏ వరుసైనా జారిపోయిందేమోనని వేలు పెట్టి చూసుకుంటున్నాను. డిగ్రీ పరీక్షకు కూడా ఇంతగా చదివి ఉండవు అని మా ఆయన నవ్వుతాడు. ఇలాంటి పుస్తకమే నా చిన్నతనంలోనూ ఒకటి ఉండేదని, దానికి సిరా వాసన పోయి వాము పొగ వాసన పట్టిందని, దాన్ని నేను సగమే చదివానని ఆయనకు నేను చెప్పలేదు.

మా ఊరు ముత్తంగి దాటి రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చేది. నేను బడికి పోయే ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, రోడ్డుకు రెండు పక్కలా కంటికి ఆనినంత మేర జొన్న చెలకలు, వాటి మధ్య సాళ్లలో కంది, గట్ల మీద తంగేడు. తొలకరి పడితే నల్లమట్టి చెప్పులకు అంటుకుని అడుగడుగుకూ కాలు బరువెక్కేది. వానలు వెనకపట్టాక మక్క కంకులు కాల్చే పొగ ప్రతి వాకిట్లోంచీ లేచేది. ఆ తరువాత సీతాఫలాలు, పగిలిన కళ్లతో గంపల్లో ఇంటికొచ్చి గడ్డిలో మాగేవి, తెల్లారి లేవగానే మేం పిల్లలం గడ్డిలోకి చెయ్యి పెట్టి ఏది మెత్తబడిందో తడుముకునేవాళ్లం. ఊరి చివర ఇరవై ఇళ్లు మావి, క్రైస్తవులవి. చిన్న పెంకుటిల్లే మా గుడి, వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే మా గంట. ఆదివారం పొద్దున దాని మీద ఇనుప గుండు కొడితే, జొన్న రొట్టె పెనం మీద ఉన్నది ఉన్నట్టే వదిలి ఆడవాళ్లు కొంగులు సర్దుకునేవారు.

నెలకొకసారి పటాన్‌చెరు నుంచి నడిచి ఒక పెద్దావిడ వచ్చేది. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డ సంచి. వాక్యం చెప్పడం ఆమె పని, కానీ సంచినిండా పుస్తకాలుండేవి కనుక ఊరంతా ఆమెను పుస్తకాలమ్మ అనేవారు. ఆ సంచిలో అందరికీ పంచే కరపత్రాలు కొన్ని, పిల్లలకు రంగుబొమ్మల కార్డులు కొన్ని, అడుగున బట్టలో చుట్టి ఒకే ఒక్క ప్రతి, తల్లుల పుస్తకం. అది ఎవరికీ సొంతం కాదు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఇంటికి పురుడుకు నలభై రోజుల ముందు చేరేది, పురిటి గదిలోనే ఉండి, బిడ్డకు బాప్తిస్మం అయ్యాక ఇంకో ఇంటికి పోయేది. అట్ట మీద పసుపు వేళ్లు, అంచుల్లో ఆముదం మరకలు, ఒక పేజీ మీద ఎవరి పాలో చింది ఎండిన మచ్చ. ఎక్కడ తెరిచినా వాము, సాంబ్రాణి కలిసిన పొగ వాసన.

నలభై రోజులకు నలభై పాఠాలు. పుస్తకం విప్పితే ఎడమవైపు ఆనాటి ప్రార్థన, కుడివైపు తల్లి ఒంటి గురించి, బిడ్డ ఒంటి గురించి ఒక సలహా. మా తల్లులకు అక్షరాలు రావు. మా నాయిన గుడిలో వాక్యం చదివేవాడే కానీ, అది ఆడవాళ్ల పుస్తకం, మగవాడు ముట్టడు. అందుకని బడికి పోయే ఆడపిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ పిల్లే చదవాలి. అమ్మకు నా తరువాత రెండు కడుపులు నిలవలేదు. మూడోది నిలిచి ఎనిమిదో నెల నడుస్తుండగా పుస్తకం మా ఇంటికి వచ్చింది. నాకప్పుడు పదేళ్లు.

"సుశీలా, రోజుకొక్క పాఠం. రెండు పక్కలా సదవాలె, యాదుంచుకో" అని పుస్తకాలమ్మ నా చేతిలో పెట్టింది.

మొదటి రెండు రోజులు రెండు పక్కలా చదివాను. మూడో రోజు కుడివైపున తల్లి రొమ్ముల గురించి ఉంది. ఆ మాట నా నోటి నుంచి పైకి వచ్చిందో లేదో, అరుగు మీద తాడు పేనుతున్న మా చిన్నాయిన పగలబడి నవ్వాడు.

"ఏందే పోరీ, గసొంటియి గూడ సదువుతున్నవా? రేపు నువ్వే మంత్రసానివైతవు!"

నాయినమ్మ చేతిలో చాట కింద పెట్టి నా మీదికి లేచింది. "సిగ్గు లేదానే? మొగోళ్లు ఇంటలేరా? పార్థన సదువు, సాలు."

ఆ రోజు నుంచి కుడివైపు పేజీ నేను ముట్టలేదు. ప్రార్థనలు మాత్రం గుడిలో నాయిన చదివినట్టు దీర్ఘాలు తీసి చదివేదాన్ని. అమ్మ గోడకు ఆనుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, ప్రతి ప్రార్థన చివరా ఆమెన్ అనేది. నా గొంతు మెచ్చుకునేది నాయినమ్మ కూడా. చిన్నాయిన కూలికి పోయినా, నాయినమ్మ చెలకకు పోయినా, ఇంట్లో అమ్మా నేనూ మాత్రమే ఉన్నా, నేను ఎడమవైపే చదివేదాన్ని. అది తొందరగా అయిపోయేది, బయట నా జోడు పిల్లలు కచ్చకాయలు చేతుల్లో గలగలలాడిస్తూ నా కోసం కాచుకుని ఉండేవారు.

అలాంటి ఒక పొద్దున, వాన ఆగి చూరు కారుతున్నప్పుడు, అమ్మ అడిగింది. "అటు పక్క ఏముందే సుశీ? గంత నల్లగ, నిండుగ రాసుంది."

నేను పుస్తకం మూస్తూ అన్నాను. "ఏం లేదమ్మా. గది గూడ పార్థననే."

"గట్లనా" అని అమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. నేను ఆటకు ఉరికాను.

జొన్న మోకాలెత్తు ఎదిగిన రోజుల్లో మా చెల్లెలు పుట్టింది. మంత్రసాని బాలవ్వ కొడవలితో బొడ్డు కోసి, పిడక బూడిదలో ఆముదం కలిపి అద్దింది. బాలవ్వ మంచి మనిషి. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లమే, అందరికీ అలాగే చేసింది. చెల్లెలు ఎర్రగా, తలనిండా వెంట్రుకలతో, పిడికిళ్లు బిగించి పుట్టింది. వారం రోజులూ మా ఇల్లు పొగతో, వావిలాకు కాచిన నీళ్ల వాసనతో, వచ్చిపోయే ఆడవాళ్ల పరాచికాలతో నిండిపోయింది. నేను బడి నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా తొట్టెల దగ్గరికి పోయి తిట్లు తినేదాన్ని. నా వేలు ఇస్తే పట్టుకునేది.

ఏడో రోజు పాలు తాగడం మానేసింది. అమ్మ రొమ్ము నోటికి పెడితే నోరు తెరుచుకోలేదు. దవడలు బిగిశాయి, ముట్టుకుంటే ఒళ్లంతా విల్లులా వంగేది. గాలి సోకిందని నాయినమ్మ, దిష్టి అని పక్కింటివాళ్లు. మా గుడి అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. సంగారెడ్డి దవాఖానకు పోదామని నాయిన ఎడ్లను విప్పుకొచ్చి బండి కట్టేలోపలే, ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అంతా అయిపోయింది.

బాప్తిస్మం కాని పసిబిడ్డను సమాధుల తోటలో పెట్టే వాడుక మా ఊళ్లో లేదు. నాయిన ఒక్కడే తువ్వాలలో చుట్టుకుని మా చెలకకు తీసుకుపోయి, గట్టు మీద తంగేడు పొద పక్కన పెట్టి వచ్చాడు. అమ్మను గడప దాటనివ్వలేదు, బాలింత కదా. పాలు కట్టి ఆమె రవికె తడిసిపోతుంటే అవి ఇంకిపోవాలని నాయినమ్మ మల్లెపూలు తెచ్చి గుండెలకు కట్టింది. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

క్రిస్మస్ వచ్చింది. నాకు వరుసకు వదినె అయిన మార్తకు నెలలు నిండుతున్నాయి, పుస్తకం ఆ ఇంటికి చేరింది. ఆ ఇంట్లో చదివే పిల్ల లేక నన్నే పిలిచారు. ఆ పూట మార్తవదినె ఇంట్లో సకినాలు పోస్తున్నారు. తెల్ల బట్ట పరిచి, నువ్వులూ వామూ కలిపిన పిండితో ఆడవాళ్లు చుట్టలు చుట్టలుగా తిప్పుతున్నారు. పొయ్యి మీద నూనె కాగుతోంది. పిల్లలు రంగుకాగితాల నక్షత్రానికి వెదురు బద్దలు కడుతున్నారు. అమ్మ ఉంది, బాలవ్వ ఉంది, నాయినమ్మ లేదు. మగవాళ్లెవరూ దగ్గర లేరు. నేను ప్రార్థన చదివి పుస్తకం మూయబోతే మార్తవదినె పట్టుకుంది. ఆమె పట్నం దిక్కు పిల్ల, దేనికీ సిగ్గుపడదు.

"ఆగవే, అటు దిక్కు ఎవల్సదువుతరు? నీ మొగుడొచ్చి సదువుతడా?"

అందరూ నవ్వారు. నేను చదివాను. అది బొడ్డు గురించిన పాఠం. కోసే కత్తిని, కట్టే దారాన్ని సలసల కాగే నీళ్లలో ఉడికించాలని, కోసిన చోట బూడిద గానీ పేడ గానీ నూనె గానీ ఏమీ పెట్టకూడదని, పెడితే వారం తిరిగేలోపు బిడ్డ దవడలు బిగిసి పాలు మానేస్తుందని, అలాంటి బిడ్డ బతకడం అరుదని ఉంది. చదువుతూ చదువుతూ ఆఖరి వరుస దాకా వచ్చాను. తల ఎత్తితే బట్ట మీద ఎవరి చెయ్యీ కదలడం లేదు. బాలవ్వ పిండి అంటిన తన వేళ్ల వంక చూసుకుంటోంది.

"నాకెవలు జెప్పిన్రు తల్లీ" అంది, ఎవరితోనో తెలియకుండా. "నలభయ్యేండ్ల సంది గిదే జేస్తున్న. నాకెవలు జెప్పిన్రు."

అమ్మ నా వైపు చూడకుండానే అంది. "ఇంకోపారి సదువు."

మళ్లీ చదివాను. అమ్మ లేచి, చేతులు కడుక్కుని ఇంటికి పోయింది. మార్తవదినె కాన్పుకు బాలవ్వ కొత్త బ్లేడు ఉడికించింది, బొడ్డుకు ఏమీ పెట్టలేదు. ఆ బిడ్డ బతికింది. ఇప్పుడు పదో తరగతికి వచ్చింది.

ఆ తరువాతి నెల పుస్తకాలమ్మ వచ్చినప్పుడు అమ్మ ఒక పలక అడిగి తీసుకుంది. కలుపుకు పోయి వచ్చి, రొట్టెలు చేసి, పొయ్యి వెలుగులో నా పక్కన కూర్చుని దిద్దేది. బలపం మరీ గట్టిగా నొక్కి విరగ్గొట్టేది. ఆ ఏడాది తిరిగేసరికి వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం పలుకుతూ చదవడం వచ్చింది. తరువాత పుస్తకం ఏ ఇంటికి పోయినా నన్ను పిలవలేదు, అమ్మే పోయింది. రెండు పక్కలా చదివేది, అరుగు మీద మగవాళ్లు ఉన్నా ఆపేది కాదు. ఎందుకు నేర్చుకున్నావని నేను అడగలేదు. ఆ కుడివైపు పేజీ గురించి నాతో ఒక్కమాటైనా ఆమె అనలేదు. కోప్పడలేదు, ముద్దు తగ్గించలేదు, పండక్కి గాజులు కొనడం మానలేదు. పదహారేళ్లుగా నేను ఆ మాటకు భయపడుతూనే పెరిగాను, కాలేజీకి పోయాను, పెళ్లి చేసుకున్నాను.

ఆ ఊరిప్పుడు ఊరిలా లేదు. జొన్న చెలకలు కంపెనీలయ్యాయి, మా చెలకా అందులోనే పోయింది. దాని చుట్టూ ఎత్తైన గోడ, గోడ మీద గాజుపెంకులు, మందుల ఘాటు వాసన. నాయినకు ఆ కంపెనీలోనే పని ఇచ్చారు. రోజూ గేటులో చీటీ చూపించి లోపలికి పోతాడు. తంగేడు గట్టు ఉన్న చోట నీళ్ల ట్యాంకు కట్టారని ఒకసారి అమ్మతో చెప్పాడట, అంతకన్నా ఏమీ చెప్పలేదట. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. బాలవ్వ పోయింది. పుస్తకాలమ్మ పోయింది. రైలుపట్టా గంట స్థానంలో మైకు వచ్చింది.

మొన్న పాపకు సూది మందు వేయించడానికి పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి బస్సులో పోయాం, అమ్మా నేనూ. పురుడు పోయడానికి వచ్చిన అమ్మ ఇంకా మా కిరాయి ఇంట్లోనే ఉంది. ఆ దారిలో ఒకచోట అమ్మ ఎప్పుడూ మాట ఆపేసి కిటికీ వైపు తిరుగుతుంది. బస్సు పడదేమోనని అనుకునేదాన్ని. ఆ రోజు ఒళ్లో పాప ఉండబట్టి కాబోలు, ఆమె ఏం చూస్తోందో నాకు అర్థమైంది. మా చెలక చుట్టూ కట్టిన కంపెనీ గోడ పొడవునా బస్సు పోతూ ఉంది.

"అమ్మా" అన్నాను. "అటు పక్క ఏముందని నువ్వు అడిగితివి. గది గూడ పార్థననే అని జెప్పిన. అబద్ధం జెప్పిన."

అమ్మ కిటికీలోంచి తల తిప్పలేదు. "ఎరుకే. మార్త ఇంట్ల నువ్వు సదివిననాడే ఎరుకైంది."

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"అడిగితె నువ్వు ఏడుస్తవు. నువ్వేడుస్తె నేనే సముదాయించాలె. గప్పుడు నాకు గంత బలం లేకుండె, బిడ్డా." కిటికీ ఊచ పట్టుకుంది. "ఒకపారి కొట్టబుద్ధయింది. నిద్రల ఉన్నవు. సెయ్యి లేవలే."

నేను ఏడ్చాను. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అమ్మ పాపను తన ఒళ్లోకి తీసుకుని, కొంగుతో నా ముఖం తుడిచింది, పదేళ్ల పిల్లకు తుడిచినట్టు మోటుగా.

"దానికి పేరు పెట్టుకుంటి నేను" అంది. "గుడిల జెప్పలే. మీ నాయినకు గూడ జెప్పలే."

"ఏం పేరు?"

"సుగుణ. సుశీల ఎనక సుగుణ. జోడుగ పిలిస్తె మంచిగుంటదనుకున్న."

గోడ అయిపోయింది. కండక్టరు తరువాతి స్టేజీ పేరు కేకేశాడు. సుగుణ అని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్కసారైనా పిలవలేదు.