టైడా దాటాక వినిపించిన పాట

ఆ రోజు నేను ఆగవలసిన చోట ఆగలేదు. ఇందులో మిగతాదేదీ మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. ఆ తప్పు మాత్రం జరిగింది, చేసింది నేనే.

దయ్యాల మీద, గాలుల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. విజయనగరంలో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఎక్కడైనా వింత చప్పుడు వస్తే అది ఏ బేరింగుదో, ఏ వదులు నట్టుదో వెతకడమే నాకు అలవాటు. మా ఆవిడ పిల్లలకి దిష్టి తీస్తుంటే పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఇప్పుడు లేదు. అలాగని నమ్మకమూ రాలేదు.

ముందు బండి సంగతి చెప్పాలి. పార్వతీపురంలో మూతపడ్డ ఒక రైసు మిల్లు గొడౌనులో, గోనెసంచుల కింద దొరికింది. ఇంగ్లండులో తయారైన పాత బీఎస్ఏ, ఒకటే సిలిండరు. టాంకు తుప్పు పట్టి జల్లెడయింది. సీటు కింద ఎలకలు కాపురం పెట్టాయి. రెండేళ్లకు పైగా నా ఆదివారాలన్నీ దానికే పోయాయి. పిస్టను ఎక్కడినుంచో తెప్పించాను, బుష్‌లు మా వర్క్‌షాపు లేత్ మీద నేనే తిప్పుకున్నాను, టాంకుకి మెరూన్ రంగు వేయించాను.

దాన్ని నడపడంలో ఉన్న సుఖం ఇప్పటి బళ్ల మీద తిరిగేవాళ్లకి చెప్పడం కష్టం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వెనక చక్రానికి స్ప్రింగులు లేవు, సీటు కిందే ఉన్నాయి. స్పార్కు ఎప్పుడు పడాలో కూడా హాండిలు మీదున్న చిన్న లీవరుతో మనమే సర్దుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లీవరు కాస్త సర్దితే ఇంజను ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదిస్తుంది. ఒక్కొక్క దెబ్బా అరికాలికి తెలుస్తుంది. తొందర ఉండదు. బరువు లాగే ఎద్దులా తన అడుగు తను వేసుకుంటూ పోతుంది. ఆ అడుగుతో పాటు మన మనసూ నెమ్మదిస్తుంది.

దానికి ఒక చెడ్డ గుణం ఉంది. వేడి మీద ఆపితే ఒక పట్టాన మళ్లీ స్టార్టు కాదు. అంతకు ముందు వారం కొత్తవలస రైలు గేటు దగ్గర ఆపి, గేటు తీశాక చొక్కా తడిసిపోయేదాకా కిక్కు కొట్టాను. వెనక లారీ క్లీనరు తల బయటపెట్టి, "మాస్టారూ, తోసీమంటారేటి, కొబ్బరికాయ కొట్టీమంటారేటి?" అన్నాడు. గేటు దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు అది గుచ్చుకుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఏం జరిగినా బండి ఆపకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

అది చైత్రమాసం. నేను బండి మీద ముందు, మా ఆవిడ తమ్ముడు సూర్యం పానాలు, స్పార్కు ప్లగ్గులు, టీ ఫ్లాస్కు పెట్టుకుని స్కూటరు మీద వెనక. అరకు దాకా వెళ్లి రావాలన్నది మా ఆలోచన. పొద్దున్నే శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. ముందు వారం కురిసిన వానకి కాఫీ తోటలు పూశాయి. మలుపు తిరిగినప్పుడల్లా ఆ పూల వాసన, వేడెక్కిన ఇంజనాయిలు వాసన కలిసి ముక్కుకి తగులుతున్నాయి. ఇంత సంతోషంగా ఉండి చాలా ఏళ్లయింది అనుకోవడం నాకు గుర్తుంది.

చైత్రంలో ఆ కొండల్లో ఇటుకల పండగ. మగవాళ్లు విల్లంబులతో అడవిలోకి వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాట పాడుతూ వచ్చిపోయే బళ్లన్నీ ఆపుతారు. ఎవరికి తోచింది వాళ్లు చేతిలో పెట్టాలి. దాన్ని పజోరు అంటారు. బెదిరింపు లేదు, నవ్వులాటే ఎక్కువ. ఇదంతా నాకు తెలియనిది కాదు. ఏటా ఇచ్చేవాణ్ణే.

టైడా ఊరు దాటాక ఒక ఎత్తు మలుపులో బొంగు కనపడింది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు గుంపుగా పాడుతున్నారు. ఆగమని ఒకామె చెయ్యెత్తింది. నేను ఎడమ అంచున సందు చూసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రెట్టింపు ఇద్దాంలే అనుకుని, యాక్సిలరేటరు తిప్పాను.

సందు సరిపోలేదు. నా కుడిచేతి బ్రేకు లీవరు కొస బొంగుకి తగిలింది. హాండిలు ఒక్క కుదుపు కుదిపింది. బొంగు అవతలి కొసని ఎవరో పట్టుకుని ఉన్నారని ఆ కుదుపులో నా చేతికి స్పష్టంగా తెలిసింది. పాట టక్కున ఆగిపోయింది. ఆ పాత బండికి అద్దాలు లేవు. తల తిప్పితే చాలు కనపడేది. తిప్పలేదు.

పడి ఉండదులే అనుకున్నాను. ఒకవేళ పడితే వెనక సూర్యం ఉన్నాడు కదా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండు మలుపులు తిరిగాక పాట వినపడింది.

ముందు ఏ గూడెంలోనో మైకనుకున్నాను. ఆ చుట్టుపక్కల గూడెం లేదు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. ఒక్క ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది, ప్రతి చరణం చివరా చిన్న వెక్కులా తెగుతోంది. ఒక చరణం పాడి, బదులు కోసం ఆగినట్టు ఆగుతుంది. బదులు రాదు. మళ్లీ ఎత్తుకుంటుంది. భాష ఒరియాలా ఉంది, నాకు అర్థం కాలేదు.

ఇంజను చప్పుడే చెవిలో అలా మారుతోందేమో అనుకున్నాను. అది తేల్చుకోవడం తేలిక. ఇంజనుదే అయితే వేగంతో పాటు మారాలి. గేరు దించాను, చప్పుడు పెరిగింది. పాట మారలేదు. యాక్సిలరేటరు వదిలాను, ఇంజను నీరసపడింది. పాట మారలేదు. దూరం పెరుగుతున్నా గొంతు తగ్గలేదు. హెల్మెట్ తీసి టాంకు మీద పెట్టుకున్నాను. అప్పుడూ అంతే వినపడింది.

చివరికి ఏ ఎత్తులో అయితే ఆపకూడదనుకున్నానో అలాంటి ఎత్తులోనే బండి ఆపాను. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంకొక్క చరణం వినపడింది. నా కుడి భుజం వెనక, మనిషి నిలబడేంత దూరంలో. చరణం సగంలో గొంతు తెగిపోయింది. ఆ తర్వాత పురుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వెనక్కి చూశాను. ఖాళీ రోడ్డు.

భయమేసింది. అయితే దయ్యం భయం కాదు. ఆ గొంతు తెగిన తీరు చూసి, పడిన మనిషికి ఏదో అయిందని అనిపించింది. బండి కిందికి తిప్పాను. వేడి ఇంజను ఒక్క కిక్కుకే అందుకుంది. ఏ భయంతో ఆ ఆడవాళ్ల దగ్గర ఆగలేదో ఆ భయానికి అర్థమే లేదని అప్పుడు తెలిసింది.

కింది మలుపులో సూర్యం ఎదురొచ్చాడు. స్కూటరు ఆపాడు గానీ దిగలేదు.

"ఏటి బావా సేసినావు? సూసుకోనేదా? ఆ మనిసి పడిపోనాది. తలకి రాయి తగిలి తెలివి తప్పిపోనాది. ఆటోలో కోట ఆస్పత్రికి దించినారు."

"పాట వినపడిందా నీకు?" అని అడిగాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "పాటేటి? ఆళ్లు అప్పుడే ఆపేసినారు. ఒక్కలు నోరిప్పితే ఒట్టు. నన్ను తిట్టడానికి తప్ప."

బొంగు రోడ్డు పక్కన పడి ఉంది. ఆడవాళ్లు మట్టి మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. నేను దిగి, చేసింది నేనేనని చెప్పాను. ఏం చెప్పాలో తెలియక, బండి వేడి మీద ఆపితే స్టార్టు కాదని కూడా చెప్పాను.

ఒక ముసలామె నా బండిని పైనుంచి కిందికి చూసింది. "ఆగనేని బండి ఎందుకు కొన్నావు బాబూ? మా మేక కూడా ఆగుతాది."

వెనకెవరో నవ్వబోయి ఆపుకున్నారు. "బేగి ఎల్లు" అంది ముసలామె. "ఇక్కడ నిలబడి ఏటి సేత్తావు?"

శృంగవరపుకోట ఆసుపత్రిలో, బొంగు దగ్గర పడినామె తోటికోడలు బల్ల మీద కూర్చుని ఉంది. లోపలున్న ఆమె పేరు గురుబారి అని, కుడి మణికట్టు విరిగిందని, ఇంకా తెలివి రాలేదని ఆమే చెప్పింది. ఆటోలో తీసుకొచ్చినవాళ్లు జారిపడిందని రాయించారట. నేను డాక్టరు దగ్గరికి వెళ్లి, నా బండి తగిలి పడిందని మార్పించాను. పోలీసులకీ అదే చెప్పాను. సూర్యం మెల్లిగా నా మోచెయ్యి లాగాడు.

తర్వాత ఆ బల్ల మీద తోటికోడలి పక్కన చాలాసేపు కూర్చున్నాను. చెవిలో ఆ వరుస ఇంకా తిరుగుతోంది. తెలియకుండానే గొంతులో కూనిరాగం తీశానేమో, ఆమె తలెత్తింది.

"నీకు ఎవులు నేర్పినారు అది?"

రోడ్డు మీద మీరు పాడిందే కదా అన్నాను.

"అది రోడ్డు మీద పాట కాదు. పోడులో ఇత్తనాలు జల్లినప్పుడు పాడతాం. గురుబారే ఎత్తాల, మేం అందుకోవాల. వానలు పడకుండా ఎవులు పాడతారు?"

సాయంత్రానికి గురుబారికి తెలివొచ్చింది. నన్ను లోపలికి పంపారు. ఆమెకి నా వయసే ఉంటుంది. దాహం అంది, తర్వాత ఏదో అడిగింది. ప్రతి మాట చివరా ఆ చిన్న వెక్కు. రోడ్డు మీద నేను విన్న గొంతు అదే.

క్షమించమన్నాను. ఆమె నా వైపు చూసి, నీళ్ల కోసం ఎడమచెయ్యి చాపింది.

పాట గురించి అడగడానికి నాకు వారం పట్టింది. అప్పటికి ఆమె ఇంటికి చేరింది. అడిగితే నవ్వింది. "తెలివి తప్పిన మనిసిని పాటలేటి పాడతాను బాబూ? ఏడవడానికే నోరు రానేదు."

నేను ఆలోచించినంత వరకూ ఆలోచించాను. ఎప్పుడో అరకు సంతలోనో, రైల్లోనో ఆ వరుస విని ఉంటాను. తప్పు చేసిన మనసు దాన్ని బయటికి తీసి ఉంటుంది. అంతవరకు ఒప్పుకోగలను. నేను ముందెప్పుడూ వినని మనిషి గొంతు, ఆ వెక్కు నా చెవికి ఎలా వచ్చాయో మాత్రం చెప్పుకోలేకపోతున్నాను. ఇంజను వేగం మార్చినా ఆ పాట వేగం ఎందుకు మారలేదన్నదీ అంతే. మా కాలేజీలో ఒకరిద్దరికి చెప్పాను. వాళ్లు చెప్పిన కారణాలన్నీ నేను అప్పటికే చెప్పుకున్నవే. ఇన్నాళ్లయినా ఇది నాకు తేలలేదు.

తేలిన సంగతి ఒకటే. ఆమె ఇంటికి వెళ్లిన రోజు, ఖర్చు ఎంతయినా పెట్టుకుంటానని ఆమె పెనిమిటితో అన్నాను. ఆయన వేట కత్తి నూరుకుంటూ తల ఊపి, "అది సరే" అన్నాడు. "చోళ్లు జల్లే చెయ్యి మా ఇంట్లో ఆమెదే. నేను దున్నుతాను. వాన పడితే ఎవులు జల్లుతారు?"

తొలకరి పడగానే సెలవు పెట్టి వెళ్లాను. గురుబారి చేతికి కట్టుతో గట్టు మీద కూర్చుంది. ఆయన దున్నాడు, నేను చోళ్లు, అంటే రాగులు, జల్లాను. పిడికిలి ఎంత విప్పాలో, ఎక్కడ వదలాలో ఆమె చెబుతూనే ఉంది, నా చెయ్యి వింటేనా. పక్క పోడులో ఆడవాళ్లకి పని కంటే నేనే ఎక్కువ కాలక్షేపం అయ్యాను. "ఏటి మాస్టారూ, ఇత్తనాలేనా, అచ్చింతలా?" అని ఒకామె అరిచింది. గురుబారి నవ్వాపుకోలేక కట్టున్న చెయ్యి పట్టుకుంది.

మొలకలు వచ్చాక మళ్లీ వెళ్లాను. నేను జల్లిన వాలంతా ఒకచోట గుంపులుగా, ఒకచోట ఖాళీగా ఉంది. గురుబారి గట్టు దిగి వచ్చి చూసింది. గుబురుగా ఉన్నచోట ఎడమచేత్తో మొలకల్ని పీకి నాకు అందించింది. ఖాళీలన్నీ నిండేదాకా ఆ వాలు మీద వంగి ఒక్కొక్కటే నాటాను.