ఉప్పు అడగరాదు

బందరు కోర్టు ఎదురుసందులో శివరామయ్య హోటలంటే తెలియని కక్షిదారు ఉండేవాడు కాదు. ముప్పావలాకి కడుపు నిండా భోజనం. పప్పు, కూర, పులుసు, చారు, ఆ పైన మజ్జిగ ఎంత కావాలంటే అంత. పెంకుటిల్లు, నాలుగు వరసల బల్లలు, అరిటాకులు. ఇదంతా ఏ ఊళ్ళోనైనా ఉండేదే. లేనిదల్లా ఎదురుగోడకి వేలాడే చెక్కబోర్డు. దాని మీద ఎర్రరంగుతో 'ఉప్పు అడగరాదు' అని రాసి ఉండేది.

కొత్తవాళ్ళు అది చూసి నవ్వబోతే పాతవాళ్ళు మోచేత్తో పొడిచి, "నవ్వకండి, వింటాడు" అనేవాళ్ళు. ఆకు వేయగానే మూలన కాస్త ఉప్పు వడ్డించడం ఎక్కడైనా ఆచారం. శివరామయ్య దగ్గర ఆ ముచ్చట లేదు. ఉప్పు వడ్డించడమంటే వంటలో తక్కువైందని ముందుగానే ఒప్పుకోవడమట! వంట ఎవరు చేసినా ఉప్పు మాత్రం ఆయనే వెయ్యాలి. వంటింట్లో ఉప్పుకి చెక్కపెట్టె, పెట్టెకి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి. నగలు దాచుకున్నవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు.

అదేం చాదస్తమయ్యా అంటే, మనుషుల మీద నమ్మకం లేదు, అంతే. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపి ఉంటాడనుకునేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపి ఉంటాడనుకునేవాడు. భార్య పోయి పన్నెండేళ్ళు, పిల్లలు లేరు. ఆయనకి ఇల్లన్నా, సంసారమన్నా, లోకమన్నా ఆ హోటలే. దాన్ని ఎవడో ఒకడు ఏదో ఒక పూట పాడు చేస్తాడన్న భయం ఆయన్ని పట్టుకుని వదిలేది కాదు.

భోంచేసినవాళ్ళ అభిప్రాయం తెలుసుకోవడానికి కూడా ఆయనకో పద్ధతి ఉండేది. వెళ్తూ వెళ్తూ "బ్రహ్మాండంగా ఉందండీ శివరామయ్యగారూ" అన్నవాణ్ణి ఎగాదిగా చూసేవాడు. వీడికి నాతో ఏం పని పడిందో! మొహం మీద అన్న మాట ఆయన లెక్కలో మాటే కాదు. అసలు మాట చెయ్యి కడుక్కునేటప్పుడు వస్తుంది. అందుకని పెరట్లో నీళ్ళ గోలెం పక్కన తాటాకు తడిక కట్టించి, దాని వెనక ముక్కాలిపీట వేయించుకున్నాడు. పన్నెండున్నరకి టిక్కెట్లన్నీ అమ్మేసి, గల్లాపెట్టెకి తాళం వేసి, పొడుం డబ్బా పట్టుకుని పోయి ఆ పీట మీద కూర్చునేవాడు. అవతల నీళ్ళ చప్పుడు, పుక్కిలింతలు, తేన్పులు. వాటి మధ్యలో ఎవడో అనేవాడు, "పప్పు ఏం కుదిరిందిరా ఇవాళ!" అప్పుడుగానీ ఆయన ఒక పట్టు పొడుం పీల్చేవాడు కాదు.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆయనకి టైఫాయిడ్ తగిలింది. ఇరవై ఒక్క రోజులు మంచం పట్టి, లేచి, మళ్ళీ గల్లా దగ్గర కూర్చున్నాక తిండి సయించేది కాదు. పప్పు తిన్నా గడ్డే, పులుసు తిన్నా గడ్డే. ఆయనకి అనుమానం రావాలా? వచ్చింది. రైతుల మీద వచ్చింది. "పొలాలకి అమ్మోనియా పోస్తున్నారయ్యా. పంటలో పసే లేదు. ఎవడికి తెలుసు, అందులో ఇంకేం కలుపుతున్నారో!" అని కనిపించినవాడికల్లా చెప్పేవాడు. గోలెం దగ్గర మాత్రం మాటలు ఎప్పట్లాగే బాగానే వినపడేవి. అమ్మోనియా సంగతి జనానికి తెలియదు పాపం అనుకునేవాడు.

వంట వీరలక్ష్మిది. నాగాయలంక వైపు మనిషి. మొగుడు పోతే బందరు వచ్చి, గొడుగుపేటలో చిన్న వసారా అద్దెకి తీసుకుని, ఎనిమిదేళ్ళుగా ఆ పొయ్యి ముందే ఉంది. మాట తక్కువ. గరిటెతో అరచేతిలో వేస్తే శివరామయ్య నాకి చూసి, తాళం తీసి, ఉప్పు వేసి, మళ్ళీ చూసి, "ఊఁ" అనేవాడు. అదే వాళ్ళిద్దరి సంభాషణ.

అరవై ఒకటి ఎండాకాలంలో ఒకనాడు ఆయన పొడుం డబ్బా మర్చిపోయి, తడిక దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు. వంటింట్లో వీరలక్ష్మి బొగ్గుల బస్తా చాటు నుంచి ఒక తపేలా తీసింది. అటూ ఇటూ చూసింది. అందులోది ఆయన ఉప్పు వేసి "ఊఁ" అన్న పప్పులో గబగబా కలిపేస్తోంది.

"ఏంటది?" అని అరిచాడు. గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది.

ఆయన తపేలాలో వేలు ముంచి నాకాడు. రుచీ పచీ లేదు. "నా పప్పులో నీళ్ళు కలుపుతున్నావా!"

"నీళ్ళు కాదండీ. పప్పే. ఉప్పు వెయ్యని పప్పు."

"ఉప్పు వెయ్యని పప్పు ఎందుకే? ఎవరు కలపమన్నారు? బస్టాండు దగ్గర కొత్త హోటలు పెట్టాడే, ఆ జగన్మోహనరావేనా? నా వంట చెడగొట్టమన్నాడా?"

హాల్లో ముప్ఫైమంది వడ్డన కోసం ఆకుల ముందు కూర్చున్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. వీరలక్ష్మి వాళ్ళని చూసింది, ఆయన్ని చూసింది. నోరు తెరిచి, మూసుకుంది.

"చూశారా, మాట రావట్లేదు! ఎన్నాళ్ళ నుంచి పలుచన చేస్తున్నావే? అందుకేనా నాకు రుచి తెలియకుండా పోయింది? అందరూ వినండయ్యా, ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి ఇది!"

ఆమె గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి, కొంగు భుజాన కప్పుకుని, పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. దొంగ కాకపోతే ఒక్క మాటైనా అనదా అని శివరామయ్య ఆ పూటంతా అందరినీ అడిగాడు. అందరూ నిజమేనన్నారు.

మర్నాటి నుంచి వంట పని, వడ్డన చేసే అప్పారావు మీద పడింది. ఉప్పు మామూలే, శివరామయ్యదే. ఇప్పుడు మధ్యలో చెయ్యి పెట్టేవాళ్ళు లేరు గనక పప్పు ఆయన నాలుకకి కాస్త ఆనినట్టే అనిపించింది. హమ్మయ్య, దొంగ పోయింది, రుచి వచ్చింది అనుకుని తడిక వెనక కూర్చున్నాడు.

"ఓరి నాయనో, ఉప్పు కషాయం!" అన్నాడు ఒకడు పుక్కిలిస్తూ.

"ఉప్పు అడగరాదని ఎందుకు రాశాడో ఇప్పుడు తెలిసింది. అడగక్కర్లా, వాళ్ళే పోస్తున్నారు" అన్నాడు ఇంకొకడు. పకపకా నవ్వులు.

శివరామయ్యకి ఒళ్ళు మండింది. ఎవరు వీళ్ళు? జగన్మోహనరావు పంపిన మనుషులు కాకపోతే! రెండో రోజూ అదే మాట. మూడో రోజు దానియేలు మాస్టారి గొంతు వినపడింది. మిషన్ బడిలో పంతులు. కుటుంబం పెదపారుపూడిలో ఉండటంతో తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం భోజనం ఇక్కడే. అబద్ధమాడే మనిషి కాదు. ఆయన కూడా "ఇంక తినలేనయ్యా, గొంతు మండిపోతోంది" అన్నాడు. మాస్టారిని కూడా కొనేశారా అని శివరామయ్య నిర్ఘాంతపోయాడు. ఆ సాయంత్రం ఆయన పప్పు మళ్ళీ రుచి చూశాడు. సరిగ్గానే ఉంది. ఆ మాటకొస్తే ఇంకో చారెడు పట్టేలా ఉంది.

నెల తిరిగేసరికి ముప్ఫైమంది పదకొండుమందయ్యారు. అప్పారావు కూడా ఉండబట్టలేక, "ఉప్పు కొంచెం తగ్గిద్దామండీ" అన్నాడు. "నువ్వూనా!" అన్నాడు శివరామయ్య. ఇంకో నెల ఇలాగే సాగితే తలుపులు మూసుకుని రోడ్డున నిలబడటమే. హోటలు లేకపోతే తను ఎవరికి ఏమవుతాడు? వీరలక్ష్మి ఆ జగన్మోహనరావు దగ్గరే వండుతోందని ఆయనకి రూఢి అయిపోయింది. కళ్ళారా చూసి, నలుగురిలో నిలదియ్యాలని, తలకి తువ్వాలు చుట్టుకుని ఒక మధ్యాహ్నం బస్టాండు వైపు బయల్దేరాడు.

ఆ కొత్త హోటల్లో కరెంటు ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లోకి తొంగి చూశాడు. ఇద్దరు మగవాళ్ళు వండుతున్నారు. వీరలక్ష్మి జాడ లేదు. ఎక్కడ దాచారో! సరే, వచ్చినవాణ్ణి వచ్చాను, వీళ్ళ వంట ఏపాటిదో చూద్దామని ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. కూర్చున్నాక పక్కకి చూస్తే దానియేలు మాస్టారు. మాస్టారు ఇబ్బందిగా నవ్వి తల వంచుకున్నాడు.

పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు శివరామయ్య. ఎంత సంతోషమో చెప్పలేం!

"ఉప్పే లేదు!" అని గావుకేక పెట్టాడు. "చచ్చుపప్పు! దీనికోసమా నా హోటలు వదిలి వచ్చారు? చూడండయ్యా, చిటికెడు ఉప్పు లేదు!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తారు. "సరిగ్గానే ఉందే" అన్నాడు ఎదుటివాడు. "ఏమో, నాకు కాస్త ఎక్కువే అనిపించింది" అన్నాడు అతని పక్కవాడు.

"మీ అందరికీ ఏం పెట్టాడయ్యా ఈ జగన్మోహనరావు?" అంటూ శివరామయ్య ఆకు మూలనున్న ఉప్పంతా అన్నంలో కలిపి తిన్నాడు. చాల్లేదు. దానియేలు మాస్టారి ఆకు మూలనున్నది కూడా లాక్కుని కలిపాడు. ఆ ముద్ద కూడా నమిలి మింగేశాడు.

అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు.

"శివరామయ్యగారూ," అన్నాడు మాస్టారు మెల్లగా, "మీకు... ఏమీ అనిపించట్లేదాండీ?"

"ఏం అనిపించాలి?"

"ఇద్దరి ఉప్పు తిన్నారు. నేనైతే ఈపాటికి కక్కేసేవాణ్ణి."

శివరామయ్య ఆకు మీద అంటుకున్న రెండు ఉప్పురాళ్ళు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. అన్నం లేదు, పప్పు లేదు, ఉత్త ఉప్పు. ఇసక నోట్లో పడ్డట్టుంది. టైఫాయిడూ, అమ్మోనియా, బొగ్గుల బస్తా వెనకాల తపేలా, గోలెం దగ్గర పుక్కిలింతలు, అన్నీ ఒక్కసారే బుర్రలోకి వచ్చి పడ్డాయి. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు.

గొడుగుపేటలో వీరలక్ష్మి వసారాలో కూర్చుని ఎవరి ఇంటికో అప్పడాల పిండి దంచుతోంది. చిక్కిపోయింది. నీళ్ళు కలిపే మనిషని ఊరంతా పాకింది గనక ఎవరూ వంటింట్లోకి రానివ్వడం లేదట. ఆయన్ని చూసి రోకలి ఆపింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఎన్నాళ్ళ నుంచి కలుపుతున్నావు?" అన్నాడు.

"మీ జ్వరం తగ్గిన నెల నుంచి."

"రెండేళ్ళా! నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మేవారాండీ? మీరు నమ్మేదల్లా ఆ తడిక అవతల మాటల్నే. అవి బాగుంటే చాలనుకున్నాను."

శివరామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తప్పైపోయింది. రా, పని చేసుకో. రేపటి నుంచి."

"అంతమందిలో అన్నారండీ ఆ మాట. ఇక్కడికి వచ్చి నా ఒక్కదాని చెవిన వేస్తే ఎలా? అంతమందిలోనే చెప్పండి, వస్తాను."

"అంతమందిలో ఎలా చెప్పను వీరలక్ష్మీ? నాలుక చచ్చినవాడి హోటల్లో ఎవడు తింటాడు?"

"ఆ రోజు నేనూ అదే అనుకున్నానండీ," అంది ఆమె. "అందుకే నోరు మూసుకున్నాను."

శివరామయ్యకి ఏడుపు వచ్చేసింది. అరవై ఏళ్ళ మనిషి, నడివీధిలో నిలబడి, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

సోమవారం కోర్టు రద్దీ. పదకొండుమంది కూర్చున్నారు. దానియేలు మాస్టారిని ఆయనే బడికి వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఆకులు వేశారుగానీ వడ్డన మొదలుకాలేదు. వీరలక్ష్మి పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. శివరామయ్య బోర్డు కింద నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఈవిడ నీళ్ళు కలపలేదు. జ్వరం వచ్చిపోయాక నా నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది. ఎక్కువ వేస్తుంటే, మీరు తినగలిగేట్టు రెండేళ్ళు ఈవిడ సరిచేసింది. నేను ఈవిడని దొంగన్నాను. తప్పు నాది. ఇక తినేవాళ్ళు తినండి, వెళ్ళేవాళ్ళు వెళ్ళండి."

ఒకడు కిసుక్కుమన్నాడు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మాస్టారికేసి చూశారు. మాస్టారు ఆకు మీద నీళ్ళు చిలకరించుకుని తుడుచుకున్నాడు.

శివరామయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి వీరలక్ష్మి చేతిలో పెట్టాడు. ఆమె పెట్టె తీసి, పప్పులో ఉప్పు వేసి కలిపి, అలవాటుకొద్దీ గరిటె ఆయన అరచేతి మీదకి వంచబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే చెప్పు. సరిపోయిందా?"

ఆమె రుచి చూసింది. "సరిపోయిందండీ."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. నిజమో కాదో తన నాలుకతో తేల్చుకునే దారి ఇంక ఆయనకి లేదు. తడిక వైపు కాళ్ళు రెండడుగులు వేశాయి కూడా. అంతలో ఆగి, వెనక్కి తిరిగి వచ్చి, దానియేలు మాస్టారి పక్కన బల్ల మీద కూర్చుని, తనకీ ఓ ఆకు వేయమన్నాడు.

పప్పు చప్పగానే తగిలింది. ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఉప్పు అడగలేదు.