పొన్నచెట్టుకు రాయని తీర్మానం

నా చిన్నప్పుడే మా నాన్న సముద్రంలోకి చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, నాన్న దొరకలేదు. శవం ఒడ్డుకు రానిదే మనిషి పోయినట్టు కాదని అమ్మ మొండిపట్టు పట్టి కర్మ చేయనివ్వలేదు. బంధువులు చెప్పి చెప్పి ఊరుకున్నారు. పెళ్లికి ముందెప్పుడో నాన్న ఇసుకదిబ్బ మీద నాటిన పొన్నచెట్టు ఒకటుంది. సముద్రం మీద నుంచి చూస్తే ఊరి కంటే ముందు అదే కనబడుతుంది. దాన్ని చూసుకుని ఎప్పటికైనా వస్తాడని అమ్మ నమ్మకం. దారి చూపే ఫోన్లు వచ్చాక ఇంక చెట్టుతో పనేముందని ఒకసారి నోరు జారాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

మైపాడు దాటాక తీరం వెంట వచ్చే చిన్న ఊరు మాది. మా ఊళ్లో పెద్దలు కూర్చుని ఒక మాట అన్నారంటే అది కట్టుబాటు. వేట వద్దంటే ఒక్క పడవ కదలదు. మీరినవాడి పడవను నీళ్లలోకి తొయ్యడానికి ఒక్క చెయ్యి సాయం రాదు. అమ్మను చూసి జాలిపడి, ఆ పొన్నచెట్టు కొమ్మ ఎవరూ తుంచకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. మేకలు తోలుకొచ్చేవాళ్లు కూడా దాని జోలికి పోలేదు.

ఈ మధ్య మా పంచాయతీకి కార్యదర్శిగా ఒక అమ్మాయి వచ్చింది. తీరం రోడ్డు వెడల్పు చేస్తారనీ, పొన్నచెట్టు దానికి అడ్డమొస్తుందనీ తెలిసి, నేను పాఠాలు చెప్పే బడికి వచ్చి మరీ నన్ను పట్టుకుంది. చెట్టు ఉన్నది పంచాయతీ స్థలం. దాన్ని కాపాడాలని సర్పంచి, సభ్యులు తీర్మానం చేసి మండలానికి పంపితే, కొట్టడానికి అనుమతి ఇచ్చే ముందు అధికారులు ఆ మాట పట్టించుకోక తప్పదంది. చట్టంలో చెట్లకు రక్షణ ఉంది, కానీ అడిగేవాళ్లు ఉండాలి కదక్కా అంది.

మా సర్పంచి పెద్దల మాట దాటడు. అందుకని నేరుగా పెద్దల దగ్గరికే పోయాను. వాళ్లు నవ్వారు. అందరిలోకీ పెద్దాయన అన్నాడు:

"మేం నోటితో చెప్పినాక మళ్లా కాయితం ఎందుకు మా? అది రాయించుకుంటే మా మాటకు విలువ లేదని మేమే ఒప్పుకున్నట్టు గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. పొగరు అందామంటే అదీ కాదు. నీళ్ల మీద ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టి బతికేవాళ్లకు, ఇచ్చిన మాటను రాసుకోవడమంటే అవమానం. కానీ రోడ్డు వేసేవాడికి మా కట్టుబాటు ఏం తెలుసు? అతనికి పడవా లేదు, తోసేవాళ్ల అవసరమూ లేదు.

చెట్టు కొట్టడానికి అనుమతి వచ్చేసింది. ఒక చెట్టుకు రెండు మొక్కలు నాటాలని షరతు. పెద్దలంతా పోయి చెట్టు కింద కూర్చున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన కాంట్రాక్టరు దుర్మార్గుడైతే నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. అతను ఎంతో మర్యాదగా నిలబడ్డాడు. పంచాయతీ అభ్యంతరం ఏదన్నా ఉంటే చూపించమనీ, పని ఆపేస్తాననీ అన్నాడు. కట్టుబాటు ఉందని పెద్దాయన చెప్పాడు.

"ఎక్కడుంది పెద్దాయనా?" అని అతను అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే చూద్దామని.

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. ఆయన వెనకే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే లేచారు. మా ఊరివాళ్లెవరూ గొడ్డలి పట్టలేదు. వెంకటాచలం ఊరి వైపు నుంచి కూలీలు రంపం మిషన్లతో వచ్చారు.

వద్దన్నా అమ్మ వచ్చింది. అడ్డం పడుతుందేమోనని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ అసలు కదల్లేదు. చెట్టు ఒరిగినప్పుడు మాత్రం నా చెయ్యి విడిపించుకుని తలమీద కొంగు కప్పుకుంది. పెద్దాయన వచ్చి తప్పయిపోయింది తల్లీ అన్నాడు. అమ్మ ఆయనకేసి చూడలేదు.

ఆ తర్వాత పంచాయతీలో తీర్మానం రాశారు, తీరం మీద మిగిలిన చెట్లన్నిటినీ కాపాడాలని. కార్యదర్శి అది చదివి వినిపించింది. ఇప్పుడు రాశారా నాయనల్లారా అని నలుగురిలోనూ అరిచేసి బయటికి వచ్చేశాను. ఏం లాభం?

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. చేటలో ఎండుచేపలు ఏరుకుంటూ అంతా విన్నది. చేట పక్కన పెట్టి తల ఎత్తింది.

"వచ్చినా, ఇది మన ఊరు కాదనుకుని అట్నే ముందుకు పోతాడు. ఇంక మీ నాన్నకు కర్మ చెయ్యించు మా."

నాన్న ఎప్పుడో పోయాడని నాకు తెలుసు. అయినా ఆ మాట అమ్మ నోట వినేసరికి, ఒడ్డు నుంచి అప్పుడే కబురు వచ్చినట్టు గడపలోనే కూలబడి ఏడ్చాను.