మోకాళ్ల నూనె

ప్రమాదాన్ని ఆపడానికి బోర్డు పెట్టి, ఆ ప్రమాదానికే గిరాకీ పెంచిన మహానుభావుణ్ణి నేను. పుర్రె బొమ్మ కూడా దగ్గరుండి మరీ వేయించాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో కల్వకుర్తి దిక్కు ఒక పల్లె విద్యుత్ సహకార సంఘంలో నాకు ఉద్యోగం. తీగలు ఎంత ఎత్తున ఉన్నాయి, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన పాత నూనె ఎక్కడికి పోతోంది, ఇలాంటి నిబంధనలన్నీ అమలయ్యేట్టు చూడటం నా పని. నా గది తలుపు మీద కంప్లయన్స్ ఆఫీసర్ అని ఉండేది. ఊళ్లో మాత్రం కంప్లయింట్ సారు అనేవాళ్లు. అదే నిజానికి దగ్గర. నేను చేసేది ఫిర్యాదే, వినేవాడే లేడు.

యాసంగిలో బోర్లన్నీ ఒక్కసారే నడిచి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. వాటిని విప్పే షెడ్డు ముందు జనం సీసాలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఆ నల్లటి నూనె రాస్తే మోకాళ్ల నొప్పులు పోతాయని నమ్మకం. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినవాళ్ల గురించి విన్నాను కానీ, మోకాలికీ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ముడిపెట్టింది మావాళ్లే. నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డ్రమ్ముల్లో పోసి మూత బిగించి, లైసెన్సు ఉన్న శుద్ధి కర్మాగారానికి పంపాలి. అందుకే గోడకు బోర్డు కొట్టించాను: పుర్రె, రెండు ఎముకలు, ‘విషం, ముట్టరాదు’.

మర్నాడు వరుస రెట్టింపయింది.

“పుర్రె బొమ్మేసిండ్రంటే గట్టి మందే ఉన్నట్టు,” అన్నాడొకాయన. “అందరు ఎత్కపోతరని గా బోర్డు వెట్టిండ్రు.”

మా చైర్మన్‌కు అది ఓట్ల నూనె. ఆయన్ను ఎన్నుకునేది సభ్యులు, సభ్యులందరికీ మోకాళ్లున్నాయి. సీసాలు స్వయంగా పంచేవాడు. డ్రమ్ములు పంపేద్దామని నేనంటే, “ఏం సారూ, ముసలోళ్ల పుణ్యానికి మోకాలడ్డుతవ్?” అనేవాడు. పర్యావరణం గురించి ఆయనకు తెలిసిందల్లా మొక్క పక్కన ఎటు తిరిగితే ఫొటో బాగా వస్తుందో అంతే. ఆయన సొంత మోకాళ్లు మాత్రం హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పోయేవి.

ఒకరోజు ఆఫీసు ఊడ్చే అవ్వ చీపురు వదిలేసి గడప మీద కూలబడింది. చీర కాస్త పైకి జరిపి చూపించింది. మోకాళ్ల చుట్టూ తోలు కమిలి, బొబ్బలు పగిలి పచ్చిపుండ్లయ్యాయి.

“గా నూనె బంద్ చెయ్ అవ్వా. దవాఖానకు పోదాం.”

“మందు పనిచేస్తే మంట లెవ్వదా బిడ్డా? నొప్పి బయటికెల్తాంది, జర ఓర్సుకో అన్నడు చైర్మన్ సాబ్.”

నా చదువు, నా బోర్డు, నా నిబంధనల పుస్తకం అన్నీ కలిపి తూచినా ఆ ఒక్క మాటకు సరిపోలేదు. ఆ మాటను అన్నవాడే వెనక్కి తీసుకోవాలి. లేకపోతే అవ్వ కాళ్లు దక్కవు.

సర్వసభ్య సమావేశం నాడు చైర్మన్ వేదిక మెట్లెక్కుతూ “అమ్మా” అని మోకాలు పట్టుకున్నాడు. కూర్చుని, తన ఉచిత నూనె గొప్పలు మొదలుపెట్టాడు. నేను మెల్లగా అవ్వ పక్కకు చేరాను.

“సాబ్‌కు మోకాళ్లు గుంజుతున్నయట అవ్వా. అందరికి పంచుడే గని, పాపం తనకొక్క సీసా ఉంచుకోలే.”

అవ్వ కళ్లు చెమర్చాయి. రొండిలోంచి సీసా తీసి, కుంటుకుంటూ వేదిక ఎక్కింది. నేనూ వెనకే వెళ్లి, మైకును చైర్మన్‌కు ఇంకాస్త దగ్గరగా జరిపాను, వినయం కొద్దీ.

“కాలు సాపు బిడ్డా, నేను రాస్త,” అంటూ ఆమె నూనెను అరచేతిలో పోసుకుని, ఆయన తెల్లటి పంచె పైకి లాగింది.

ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. “ఏయ్, దూరం జరుగు! గది విషం! తోలు ఊడ్తది!”

మైకు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ రోజు కరెంటు కూడా పోలేదు.

అవ్వ తన అరచేతిని చూసుకుంది. తర్వాత మోకాళ్లను.

“మరి నాకెందుకిచ్చినవ్ రా?” అంది.

సభలో గోల రేగుతుండగా ఆమెను చైర్మన్ కారులోనే దవాఖానకు తీసుకుపోయాను. ఈసారి మారుమాట్లాడకుండా వచ్చింది. దారిలో సీసా ఒరిగి, తెల్లటి సీటు కవరంతా నల్లటి నూనె అయింది. తుడవమని డ్రైవర్ బతిమాలాడు.

అది ప్రమాదకర వ్యర్థమనీ, ముట్టడానికి నాకు లైసెన్సు లేదనీ చెప్పాను.