పెద్దమ్మ తెరిచిన కిటికీ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే ఆమె కొడుకు దవాఖాన నుంచి ఫోన్ చేసి, "అమ్మ లేదక్కా" అన్నాడు. చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నెల దాటింది. ఇబ్రహీంపట్నంలో చలి ఇంకా తగ్గలేదు. మంచు పట్టిన పొద్దుల్లో మా గుమ్మం ముందు ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు. భయమేస్తుంది. ఆమెకు భయపడుతున్నందుకు బాధ కూడా వేస్తుంది.

మాకూ ఆమెకూ చుట్టరికమేమీ లేదు. కానీ చలికాలం వచ్చిందంటే మా వీధిలో పసిపిల్లలున్న ప్రతి ఇల్లూ ఆమెదే. పిలవకుండానే వచ్చేది. ముందు కిటికీ ఒక రెక్క తెరిచేది, ఆ తర్వాతే పలకరింపు. స్నానం చేయించిన పాపకు సాంబ్రాణి పొగ వేస్తుంటే, కుంపటి తానే ఎత్తి వాకిట్లో పెట్టేది. అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే బిడ్డను ముట్టేది. చెవులకు కట్టిన గుడ్డ సర్ది, అంగీ పైకెత్తి డొక్కలు చూసేది. "దగ్గు చెవికి ఇనవడ్తది బిడ్డా, ఆయాసం డొక్కల్నే కనవడ్తది" అనేది.

మా అత్తకు ఆమెంటే ఒళ్లుమంట. బాలింత ఉన్న ఇంట్లోకి చలి తోలుతోందని ఒకసారి మొహం మీదే అనేసింది. పెద్దమ్మ వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చి అదే రెక్క తెరిచింది. ఇక ఈ మనిషితో వేగలేమని మా అత్త కూడా నవ్వేసింది.

ఎందుకింత పట్టుదల అని ఒకరోజు చిక్కుడుకాయలు తుంపుతూ అడిగాను. తొలిచూలు ఆడపిల్లట. చలికి అప్పట్లో అందరూ చేసినట్టే తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం పక్కన కుంపటి పెట్టిందట. బిడ్డ దగ్గిందట.

"చలి అనుకున్న. ఇంకిన్ని బొగ్గులేసిన" అంది.

తెల్లారేసరికి బిడ్డ లేదు. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు, ఈనెలు తీస్తూనే ఉంది. ఏడ్చింది నేనే.

పోయినేడు చలికి మా పాపకు రొంప పట్టింది. నేనూ మా అత్తా వాము మూటతో కాపడం పెడుతూ కూర్చున్నాం. పెద్దమ్మ వచ్చి అంగీ ఎత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. "ఇంట్ల వెట్టుకోకు, దవాఖానకు నడువ్" అని ఆటో తానే ఆపింది. న్యుమోనియా అనీ, సమయానికి తెచ్చారనీ డాక్టరమ్మ అంది. ఇవాళ మా పాప ఇల్లంతా పరుగులు తీస్తోందంటే అది పెద్దమ్మ చలవే.

ఆమె పోవడానికి ముందు రోజు చూడటానికి దవాఖానకు వెళ్లాను. కళ్లు మూసుకునే అడిగింది, "ఎవల పిల్ల అది, గట్ల దగ్గుతుంది?" అని. ఆ వార్డులో పిల్లలెవరూ లేరు. చెవి దగ్గర వంగి, "కుంపటి బయట వెట్టిన పెద్దమ్మా" అన్నాను.

"కిటికీ?"

"తెరిచిన."

అప్పుడు నిమ్మళంగా నిద్రపోయింది. మెట్లు దిగుతుంటే వెనక ఎక్కడో పసిబిడ్డ దగ్గుతున్నట్టే అనిపించింది నాకు. వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

మర్నాడు ఆమెను తెచ్చి వాళ్ల వాకిట్లో పడుకోబెట్టారు. ఒక పక్కన పిడకలు రాజేశారు. చలిగాలికి పొగ పైకి లేవక, నేల మీదుగా పాకి మా ఇంటి వైపు తిరిగింది. లోపల పాప పడుకుని ఉంది. పరుగెత్తుకెళ్లి, రోజూ ఆమె తెరిచే కిటికీని నా చేత్తో మూసేశాను. పాప నిద్రలోనే ఒకసారి దగ్గింది. బయట పాడె ఎత్తుతున్నారు, రమ్మని ఎవరో పిలుస్తున్నారు. నేను గౌను పైకి తీసి ఆ చిన్న డొక్కలనే చూస్తూ ఉండిపోయాను.