గుండక్క ముందు చాచిన చెయ్యి

గుండక్కకు లోకమంటే రోత పుట్టడం ఒక బీరువాతో మొదలయింది.

ఇనుపగుండు అందరికంటే దూరం విసురుతుందని నీటి సరఫరా శాఖ ఆమెకు పిలిచి ఉద్యోగం ఇచ్చింది. చేరిన రోజునే హెడ్ గుమాస్తా కుర్చీలోంచి లేవకుండా, "అమ్మాయ్, ఆ గుండు విసిరేది నువ్వేగా? ఈ బీరువా కాస్త కిటికీకి అడ్డంగా జరుపు, నా మీద ఎండ పడుతోంది" అన్నాడు. జరిపింది. సాయంత్రానికి ఎండ పక్క కిటికీలోకి తిరిగింది. బీరువా కూడా తిరిగింది. అది మొదలు పన్నెండేళ్ళపాటు సూర్యభగవానుడికీ ఆ బీరువాకీ మధ్య ఆమె రాయబారిగా పనిచేసింది. ఆ చేతికి శాఖ అప్పగించిన గురుతర బాధ్యత అదొక్కటే. 'గుండక్క' అన్న బిరుదు కూడా ఆఫీసువాళ్ళు ఇచ్చిందే. దానికి ఖర్చు లేదు కనుక ఉదారంగా ఇచ్చారు.

అంతకు ముందు జీవితమూ ఏమంత వైభవంగా లేదు. తండ్రికి పిండిమర. బస్తాలెత్తే కూలీ రాని రోజున పదేళ్ళ కూతురు ఎత్తింది. మర్నాటి నుంచి కూలీని మానిపించాడు. బడిలో వ్యాయామం సారు ఆమెను కనిపెట్టింది ఆటస్థలంలో కాదు. తన జడను బెంచీకి కట్టేసినవాడి పుస్తకాల సంచీని ఆమె గోడ దాటించి, మురిక్కాలవ దాటించి, అవతలి డాబా మీదికి చేర్చింది. బెత్తం పట్టుకుని వచ్చిన సారు ఆ దూరం చూసి, బెత్తం చంకలో పెట్టుకుని, "ఏదీ, ఇంకోసారి విసురు" అన్నాడు. తప్పు చేసినందుకు ఆమెకు మర్యాద దక్కింది ఆ ఒక్కసారే.

సారుది చాదస్తం. రోజూ అదే పాఠం.

"గుండు అరచేతిలో కూర్చోకూడదు తల్లీ, వేళ్ళ మొదట్లో కూర్చోవాలి. అది నేల తాకేదాకా వృత్తంలోంచి కదలకు. తాకాక వెనక వైపు నుంచే బయటికి నడు. ముందు వైపు నుంచి అడుగు బయట పెట్టావో, గుండు చందమామ మీద పడినా చెల్లదు."

ఆడపిల్లకి ఆ భుజాలేమిటే అని మొహం చిట్లించిన పిన్ని, ఇల్లు మారే రోజున మాత్రం "మా బంగారుతల్లి వస్తుందిగా, వేరే మనుషులెందుకు?" అని వీధంతా చాటింది. పెళ్ళయింది. మొగుడు దర్జీ; సూదికి అన్నలా ఉంటాడు. "మీ ఆవిణ్ణి చూస్తే భయమెయ్యదుటయ్యా?" అని ఎవరో అడిగితే, "వేస్తుంది. అందుకే మీ ఇంటికి పంపట్లేదు" అన్నాడు. ఈ ఒక్క ప్రాణి మీద ఆమెకు రోత లేదు. గురక మాత్రం మినహాయింపు.

వరసగా అయిదేళ్ళు రాష్ట్రంలో ఛాంపియన్. ఏటా ఆమెకు కప్పు, శాఖకు కీర్తి, బీరువాకు కొత్త చోటు. జాతీయ పోటీల్లో మాత్రం రెండుసార్లూ నాలుగో స్థానమే. నాలుగో స్థానమంటే, బస్సు వెనకాల పరిగెత్తి పరిగెత్తి దాని పొగ మింగడం. ఒక్కసారి అక్కడ పతకం పట్టుకుంటే చాలు, ఆ తర్వాత బీరువాలు మోస్తూనైనా బతికేస్తాననుకునేది.

ముప్ఫై అయిదో ఏడు నిండబోతోంది. ఆపైన సాధనకు శాఖ సెలవివ్వదు. మోకాలు అప్పటికే సొంత అభిప్రాయాలు వెలిబుచ్చుతోంది. ఈసారి శాఖ పోటీలో గెలిచినవాళ్ళొక్కరే జాతీయ పోటీకి వెళతారు. ఇదే ఆఖరు అవకాశం.

పోటీ రోజున ముఖ్య అతిథి శాఖాధిపతి. అందరూ పెద్దసారు అంటారు. ఆయన రాక కోసం గుండు, వృత్తం, సూర్యుడు అందరూ రెండు గంటలు ఎదురుచూశారు. వచ్చి, ఫొటోలో బాగా పడాలని, వృత్తానికి ముందు కాస్త పక్కగా కుర్చీ వేయించుకున్నాడు. గుండు విసిరేచోట అంత దగ్గరగా కూర్చోవడం ధైర్యమా, అజ్ఞానమా అన్నది చివరికీ తేలలేదు. విసురు చెల్లితే తెల్లజెండా, చెల్లకపోతే ఎర్రజెండా ఎత్తే జడ్జి మన వ్యాయామం సారే. రిటైరయ్యాక ఇదే కాలక్షేపం. వచ్చే ఏడు కూడా పిలవాలంటే పెద్దసారు దయ కావాలి.

చివరి విసురుకి వచ్చేసరికి లెక్కల విభాగం పిల్ల ముందుంది, గుండక్క రెండోది. వృత్తంలోకి దిగింది. భుజం, నడుము, మోకాలు ఆ ఒక్క క్షణానికి పాత తగాదాలు మానుకున్నాయి. గుండు చెయ్యి వదిలినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. పిల్ల గుర్తుకి జానెడు అవతల దబ్బున పడింది.

"శభాష్!" అంటూ పెద్దసారు కుర్చీలోంచి లేచి, వృత్తం ముందుకొచ్చి చెయ్యి చాచాడు. వెనకే ఫొటోగ్రాఫరు.

పైఅధికారి చెయ్యి చాచాడు. ఆ అడుగు ఆమె వెయ్యలేదు. పన్నెండేళ్ళ ఉద్యోగం వేసింది. ముందు అంచు దాటి వెళ్ళి ఆ చేతిని అందుకుంది. నానిన రొట్టెలా మెత్తగా, తడిగా ఉంది.

సారు ఎర్రజెండా సగం లేచింది.

"ఏంటయ్యా ఆ ఎర్రది? నేను మెచ్చుకుంటే తప్పా?"

"తప్పు మీది కాదండీ. ముందు నుంచి బయటికొస్తే..."

"విసిరాకేగా వచ్చింది! నేను చెప్తున్నా, చెల్లుతుంది."

ఎర్రజెండా చంకలోకి వెళ్ళింది. తెల్లది లేచింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హెడ్ గుమాస్తా. పిల్ల తలొంచుకుని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంది.

పోనీలే, అనుకుంది గుండక్క. విసురు నాది, దూరం నాది. ఒక్క అడుగేగా. ఆ 'పోనీలే' నోట్లో తుప్పు నాకినట్టుంది. మింగబోయింది, దిగలేదు. తిన్నగా సారు దగ్గరికి నడిచింది.

"ఎర్రది ఎత్తండి సారూ."

"ఊరుకోవే తల్లీ. ఇదే ఆఖరు నీకు."

"నాకు తెలీదా? ఎత్తండి."

"ఎలా ఎత్తనే? ఆయన చూస్తున్నాడు."

సారు కళ్ళు నేల మీదున్నాయి. బెత్తం పట్టుకుని ఊరినే వణికించిన మనిషి. ఆమెకు అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టింది అప్పుడే. ఆయన చంకలోంచి ఎర్రజెండా లాగి, తనే ఎత్తి పట్టుకుంది.

"ఏయ్, మతిపోయిందా నీకు!" హెడ్ గుమాస్తా కేక.

పెద్దసారు మొహం నల్లబడింది. కెమెరా తనవైపు తిరగ్గానే తెల్లబడింది. మైకు అందుకున్నాడు.

"చూశారా! మా శాఖలో నిజాయితీ అంటే ఇదీ. పరీక్ష చెయ్యడానికే నేను చెయ్యి చాచాను!"

చప్పట్లు మారుమోగాయి. జాతీయ పోటీకి పిల్ల పేరు ప్రకటించారు. ఆ పిల్ల పరుగున వచ్చి, "థాంక్సక్కా..." అంది.

"నీకోసం కాదే. అవతలికి పో."

గుండక్క షామియానా వెనక్కి వెళ్ళింది. ఎంతకీ రాకపోయేసరికి, పోటీ చూడ్డానికి వచ్చిన దర్జీ మొగుడు భయపడి వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏడుస్తున్నావా?"

"లేదు," అంది మూతి తుడుచుకుంటూ. "ఉమ్మేస్తున్నా. ఇంకా అయిపోలేదు, ఆగు."