సగం చుక్కలు కనపడవు

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కే ముందు బస్సు ఇండికేటర్ టిక్కు టిక్కుమంటుంటే నా కుడి బొటనవేలు ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. ఆ చప్పుడుతోనే నందిగామ కంటి ఆసుపత్రిలోని చీకటి గది, అక్కడ మిషన్ నడిపిన షమీమ్ మేడం గుర్తొస్తారు.

నేను జగ్గయ్యపేటలో బడి బస్సు డ్రైవర్ని. అయిదేళ్ళ కిందట కంట్లో ప్రెషర్ ఎక్కువగా ఉందని, పక్కచూపు తగ్గిందేమో చూడాలని డాక్టరుగారు పరీక్ష రాశారు. పక్కచూపు పోతే స్టీరింగ్ పోయినట్టే. నాకు వేరే పని రాదు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ని, ఈ పరీక్షలోనైనా నూటికి నూరు కొట్టి తీరాలనుకుని వెళ్ళాను. తెల్లటి గిన్నెలాంటి మిషన్‌కి గడ్డం ఆనించి, ఒంటికన్నుతో నడిమి దీపాన్నే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ చుక్క వెలిగినా చేతిలోని బటన్ నొక్కాలి. చుక్క వెలిగినప్పుడల్లా మిషన్ టిక్కుమంటుంది. టిక్కుమన్న ప్రతిసారీ నొక్కాను. ఒక్కటీ వదల్లేదు. లేచి మీసం కూడా దువ్వుకున్నాను.

షమీమ్ మేడం మిషన్‌లోంచి వచ్చిన కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "చప్పుడుకి నొక్కారండీ మీరు. అప్పుడప్పుడు అది వెలక్కుండానే టిక్కుమంటది. దానికీ నొక్కేశారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అబద్ధం ఆడతానా మేడం? కనపడితేనే నొక్కా. మా పిల్లల మీద ఒట్టు!"

"మీరాడలేదు, మీ మెదడాడింది" అంటూ ఆవిడ తెల్లకాగితం మీద ఇంటూ గుర్తు పెట్టి, దానికి కుడివైపు నాలుగు వేళ్ళ దూరంలో నల్లచుక్క పెట్టారు. ఎడమ కన్ను మూసి, గుర్తునే చూస్తూ, కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెమ్మన్నారు. ఒకచోట చుక్క మాయమైంది. అక్కడ చిల్లూ లేదు, మచ్చా లేదు, శుభ్రంగా తెల్లకాగితమే!

"ప్రతి కంట్లో అక్కడ చూపుండదండీ. ఖాళీ అంటే మెదడు ఒప్పుకోదు, చుట్టూ ఉన్న తెలుపే అక్కడా పూసేస్తది. చప్పుడైంది కాబట్టి వెలిగే ఉంటదని కూడా అదే అల్లుకుంటది."

నలభై మంది పిల్లలెక్కే బస్సు. లేని చుక్కను చూసే తల, ఉన్న మనిషిని చెరిపేయదని ఏముంది? "నేనిక బండి నడపకూడదా మేడం?" అన్నాను.

"ఇంకా ఏమీ తేలలేదుగా, కంగారెందుకు? మళ్ళీ కూచోండి. సగం చుక్కలు ఎవరికీ కనపడవు, నాకైనా అంతే. ఎంత సన్న వెలుగు దాకా అందుతదో కొలవాలిగా, అందుకే మిషన్ కనపడనంత దాకా వెలుగు తగ్గిస్తది. కనపడకపోతే ఊరుకోండి. తప్పు కాదు."

ఊరుకోవడం అంత కష్టమని నాకు అంతవరకు తెలియదు. టిక్కుమంది, ఏమీ లేదు, వేలు బిగబట్టాను. మళ్ళీ టిక్కుమంది, మూలన ఏదో మిణుక్కుమంది, నొక్కాను.

కాగితం చూసి డాక్టరుగారు పక్కచూపు బాగానే ఉందన్నారు. రోజూ చుక్కలమందు వేసుకుని, ఏటా వచ్చి చూపించుకుని, బస్సు నడుపుకోమన్నారు. హమ్మయ్య! ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చేశాను. షమీమ్ మేడం మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, "ఈసారి పాసయ్యారు లెండి" అని నవ్వారు.

ఆవిడ రిటైరై వెళ్ళిపోయారు. ఏటా పరీక్షకి వెళ్తూనే ఉన్నాను, కనపడని చుక్కలకి ఊరుకుంటూనే ఉన్నాను. నిన్న పొద్దున హైవే ఎక్కే ఆ మలుపులోనే మా బస్సు ఆయా తొందరపెట్టింది. "ఖాళీగానే ఉందిగా అన్నా, పోనీ!"

"ఆ పక్క నాకింకా కనపడలా, ఉండమ్మా" అని ముందుకు వంగి, మెడ పూర్తిగా తిప్పి చూశాను. రోడ్డు నిజంగానే ఖాళీ. అప్పుడు పోనిచ్చాను.